నాగియోస్ కొత్తా? ముందు ఈ నాలుగు అంకెలు నేర్చుకోండి

నైట్ షిఫ్టు ఐటీ ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఎదురయ్యే సాఫ్ట్‌వేర్లలో నాగియోస్ ఒకటి. తెరనిండా రంగులు చూసి కంగారు పడొద్దు. అది చేసే పని సర్వర్లను కొద్ది నిమిషాలకోసారి ‘బాగున్నావా?’ అని పలకరించడమే. జవాబులు నాలుగే: 0 అంటే బాగుంది, 1 అంటే జాగ్రత్త, 2 అంటే ప్రమాదం, 3 అంటే తెలియదు.

ఒక్కసారి తేడా రాగానే అది గగ్గోలు పెట్టదు. మనం పెట్టిన లెక్క ప్రకారం మళ్లీ మళ్లీ అడిగాకే కబురు పంపుతుంది. అందుకే అర్ధరాత్రి వచ్చిన కబురును తేలిగ్గా తీసుకోకూడదు. ఆ వేళ దాన్ని చూసేది షిఫ్టులో ఉన్నవాళ్లే.

1999లో నెట్‌సెయింట్ పేరుతో మొదలైన దీని మూలరూపం నాగియోస్ కోర్ నేటికీ ఉచితమే. ఇంట్లో పాత కంప్యూటర్‌లో లినక్స్ వేసి, డిస్కులో ఖాళీ ఎంతుందో చూసేలా పెట్టండి. హద్దు మార్చి కావాలనే ఎరుపు రప్పించండి, మళ్లీ పచ్చగా మార్చండి. భయం అలాగే పోతుంది.