అవయవ మార్పిడి పొందినవారికి జలుబు చేసినచో

గ్రామములో ఒకరికి జలుబు చేసినచో పంచాయతీ సభ్యులు విచారింపవలసినది ఏమున్నదని పాఠకులు అడుగవచ్చును. సాధారణముగా ఏమియు లేదు. మిరియాల కషాయము త్రాగి నాలుగు దినములు విశ్రమించినచో అది తగ్గును. కాని మూత్రపిండమునో, కాలేయమునో మార్పిడి చేయించుకొని ఇంటికి వచ్చిన వ్యక్తికి ఆ జలుబే ప్రాణాపాయము కావచ్చును. అట్టివారు నేడు మన గ్రామములలోను కలరు. మరణించినవారి అవయవములను రోగులకు చేర్చు జీవన్‌దాన్ కార్యక్రమము ఉభయ తెలుగు రాష్ట్రములలోను నడచుచున్నది. తల్లి బిడ్డకు, భార్య భర్తకు మూత్రపిండము నిచ్చుటయు కలదు. ఉద్దానము వంటి ప్రాంతముల పంచాయతీలకు ఈ వ్యాధుల సంగతి మేము చెప్పనక్కరలేదు.

పరాయి పదార్థము ఏది లోనికి వచ్చినను ఎదిరించుట శరీర స్వభావము. దానము పొందిన అవయవమును సైతము అది శత్రువుగానే చూచును. 1954లో అమెరికాలోని బోస్టన్ నగరమున జరిగిన తొలి విజయవంతమైన మూత్రపిండ మార్పిడి ఒకే పోలిక గల కవలల మధ్య జరిగినందున ఆ చిక్కు రాలేదు. తక్కినవారు టాక్రోలిమస్, మైకోఫినోలేట్ వంటి మందులను సాధారణముగా జీవితాంతము వాడవలెను. ఊరికి వచ్చిన చుట్టమును కొట్టకుండుటకై కావలివాని చేతికర్రను తీసికొనుట వంటిది ఈ ఏర్పాటు. చుట్టము క్షేమమే, దొంగ వచ్చినపుడు మాత్రము కావలివాని చేతిలో కర్ర ఉండదు.

ఇన్‌ఫ్లుయెంజా, కరోనా, ఆర్.ఎస్.వి. మున్నగు వైరస్‌లు ఇట్టివారి ఊపిరితిత్తులకు త్వరగా దిగవచ్చును. వాటిపై న్యుమోనియా తోడుకావచ్చును. జ్వరము ఎక్కువగా కనబడకపోవుటయు కలదు. కావున ఒళ్లు వెచ్చగా లేదుగదా అని ఊరకుండుట తగదు. శస్త్రచికిత్స జరిగిన తొలి నెలలలో ఈ అపాయము మరింత ఎక్కువ.

గ్రామములలో ఇట్టి సమయమున జరుగు పొరపాట్లలో పెద్దది ఇది: "ఈ మాత్రల వలననే నీరసము" అని ఇంటివారు మందులు మాన్పించుట. అట్లు మానినచో శరీరము ఆ అవయవమును తిరస్కరించును. ఎన్నో కష్టములకోర్చి పొందిన మూత్రపిండము చెడి, రోగి మరల డయాలసిస్ పాలగును. వ్యాధి తీవ్రతను బట్టి మోతాదు తగ్గించుట కలదు, కాని అది మార్పిడి చేసిన వైద్యులు నిర్ణయింపవలసిన పని. ఒళ్లునొప్పులకు డైక్లోఫెనాక్ సూది వేయించుట మరియొక పొరపాటు. అది మూత్రపిండమునకు హానికరము. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ మందులును, కరోనాకు ఇచ్చు రిటోనావిర్ కలిసిన మాత్రలును రక్తములో టాక్రోలిమస్‌ను ప్రమాదకరముగా పెంచును. రోగనిరోధక శక్తిని పెంచునని అమ్ము చూర్ణములు మంచివేగదా అని కొందరనవచ్చును. ఏ శక్తిని మందులతో అణచి ఉంచితిమో దానినే రెచ్చగొట్టబూనుట మేలెట్లగును?

చేయవలసినది కష్టమైనది కాదు. జలుబు, దగ్గు కనబడిన దినముననే మార్పిడి జరిగిన ఆసుపత్రికి ఫోను చేయవలెను. ముక్కునుండి, గొంతునుండి నమూనా తీసి వైరస్‌ను గుర్తింతురు. ఇన్‌ఫ్లుయెంజాకు ఒసెల్టామివిర్ అను మందు కలదు. 48 గంటలలో ప్రారంభించిన గుణము ఎక్కువ. ఆలస్యమైనను ఇట్టి రోగులకు ఇత్తురు. అందుచే పరీక్షా ఫలితమునకై వేచియుండక వైద్యులు దానిని మొదలిడుటయు కలదు. మూత్రపిండము పనిచేయు తీరును బట్టి మోతాదు మారును గనుక దుకాణమున కొని మ్రింగరాదు. ఆయాసము కలిగినచో, మాటలో తడబాటు కనబడినచో 108 వాహనమును పిలువవలెను. మందుల చీటీ రోగి వెంట ఉండవలెను.

ఏటేట ఇన్‌ఫ్లుయెంజా టీకా సూది రోగికి, ఇంటివారికి కూడ వేయించుట మంచిది. ముక్కులో చల్లు సజీవ టీకా మాత్రము రోగికి పనికిరాదు.

ఇట్టివారు పెండ్లికి రాకపోయినను, ముఖమునకు మాస్కు కట్టుకొని గ్రామసభకు వచ్చి దూరముగా కూర్చుండినను ఆక్షేపింపరాదు. వారికి అంటువ్యాధి ఉన్నదను వదంతి పుట్టినచో సభ్యులు వెంటనే ఖండింపవలెను. రోగి అంగీకారముతో ఆసుపత్రి ఫోను నెంబరును ఆశా కార్యకర్త వద్దను, స్థానిక వైద్యము చేయువారి వద్దను ఉంచవలెను. రాత్రివేళ పట్టణమునకు పోవుటకు ఎవరి వాహనము దొరకునో ముందే మాట్లాడి ఉంచుట పంచాయతీ చేయదగిన పని.