దెబ్బ తగులునను భయము

ఏలూరునందును, తాడేపల్లిగూడెమునందును కుస్తీ, జూడో, కరాటే నేర్చు బాలబాలికలను మనమెఱుగుదుము. పోటీ దినము సమీపింపగానే వీరిలో కొందఱికి నిద్ర పట్టదు. "కాలు విఱిగిన పరీక్షల గతి యేమి?" అని చింతింతురు. వీరఘట్టమున పుట్టిన కోడి రామమూర్తినాయుడుగారు రొమ్ముపై ఏనుగును నిలిపిరని విన్న బాలుడు బలవంతునకు భయమే యుండదనుకొని తన భయమును దాచును. ఇట్టి భయము పిఱికితనము కాదని మా యభిప్రాయము. దానిని దాచుటయే అపాయము.

భయపడినప్పుడు కండరములు బిగుసుకొనును. చూపు ఇఱుకై, ప్రక్కనుండి వచ్చు దెబ్బను గుర్తింపదు. అందుచే గాయము తగులుట కవకాశము హెచ్చును. మానసిక వ్యాకులతకును క్రీడాగాయములకును గల యీ సంబంధమును ఆండర్సన్, విలియమ్స్ అను పండితులు 1988లో వివరించిరి. కొల్లేటిలో దోనె యెక్కినవారికిది తెలిసినదే. బెదరి బిగుసుకొని కూర్చున్నవాడే దోనెను ఊపును.

దీనికి మొదటి మందు పడుట నేర్చుకొనుట. 1882లో జపానునందు కొడోకాన్ పాఠశాలను స్థాపించిన జిగొరో కానో నేర్పిన జూడోలో, ఎదుటివానిని పడవేయుటకు ముందు తాము పడుట నేర్తురు. వెనుకకు పడునప్పుడు గడ్డము రొమ్మునకు చేర్చి, తల నేలకు తగులనీయక, చేతులతో చాపను చఱతురు. మన గోదాలలో మన్ను త్రవ్వి మెత్తపఱచుటయు దేహరక్షణ కొఱకే.

రెండవ మందు నిజము చెప్పుట. ఒక బాలుడు జట్టునుండి తొలగింతుమేమో యని బెణికిన చీలమండను మేజోడుతో కప్పి ఆడెను. కొద్ది దినములలో మానవలసిన నొప్పి అతనిని నెలలు బాధించెను. ఆ తప్పు అతనిది మాత్రమే కాదు. గెలిచినవారిని మెచ్చితిమి గాని, నొప్పి యున్నదని చెప్పినవారిని మేమెన్నడును మెచ్చియుండలేదు. తలకు దెబ్బ తగిలి కండ్లు తిరిగినను, వాంతి యైనను, ఆ దినమున మరల ఆడరాదు. వెంటనే వైద్యునికి చూపవలెను.

గాయముతో సర్వము ముగియదు. 2016లో రియో ఒలింపిక్సునందు చైనా వనిత సున్ యానాన్‌తో పోరాడుచు వినేశ్ ఫోగాట్ మోకాలు దెబ్బతినెను. ఆమె శస్త్రచికిత్స పొంది, ఓర్పుతో సాధన చేసి, 2018లో జకార్తా ఆసియా క్రీడలలో మొదటి పోరాటముననే ఆ సున్ యానాన్‌ను ఓడించి, కడకు స్వర్ణపతకము నందుకొనెను.

తల్లిదండ్రులారా, బిడ్డ యింటికి రాగానే "గెలిచితివా?" అనుటకు ముందు "నొప్పి యేమైన నున్నదా?" అని యడుగుడు. విద్యార్థులారా, అడిగినప్పుడు దాచక చెప్పుడు. మేమును ఇకపై అట్లే యడుగుదుము.