కైరన్‌కి రెండు రోల్ నంబర్లు

మన కాలేజీ డేటాబేస్‌లో ఒకే స్టూడెంట్‌కి రెండు రోల్ నంబర్లు కనిపించాయనుకోండి, ఒకటి సీఎస్ఈలో, ఇంకోటి మెకానికల్‌లో. చూసినవాళ్లెవరైనా ఎంట్రీలో తప్పు పడిందనే అంటారు. ఖగోళ శాస్త్రవేత్తల అధికారిక జాబితాల్లో అచ్చం అలాంటి ఎంట్రీ ఒకటుంది, అది తప్పు కాదు. దాని పేరు కైరన్. గ్రహశకలాల లిస్టులో దాని నంబరు 2060, తోకచుక్కల లిస్టులో 95పి. రెండూ చెల్లుతాయి.

ఇలా ఎందుకు జరిగిందో తెలిస్తే, గురుగ్రహం అవతల తిరిగే చిన్న మంచు లోకాల సంగతి సగం తెలిసినట్టే.

1977 నవంబరు 1న చార్లెస్ కోవాల్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పాలోమార్ అబ్జర్వేటరీలో తీసిన ఫొటో ప్లేట్లు చూస్తూ, చాలా నెమ్మదిగా జరుగుతున్న ఒక చుక్కని పట్టుకున్నాడు. అదే కైరన్. సూర్యుడి చుట్టూ ఒకసారి తిరగడానికి దానికి సుమారు 50 ఏళ్లు పడుతుంది. భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని ఒక మూర అనుకుంటే, కైరన్ సూర్యుడికి దగ్గరగా వచ్చినప్పుడు 8.5 మూరల దూరంలో, దూరంగా వెళ్లినప్పుడు దాదాపు 19 మూరల దూరంలో ఉంటుంది. అంటే శని దగ్గర నుంచి యురేనస్ దాకా దాని తిరుగుడు. అడ్డకొలత సుమారు 200 కిలోమీటర్లు. మ్యాప్ మీద స్కేలు పెట్టి నరసరావుపేట నుంచి హైదరాబాద్‌కి గీత గీస్తే దాదాపు అంతే వస్తుంది.

తర్వాత ఇలాంటివి ఇంకా చాలా దొరికాయి. గురుగ్రహానికీ నెప్ట్యూన్‌కీ మధ్య తిరిగే వీటిని సెంటార్లు అంటారు. గ్రీకు కథల్లో సెంటార్ అంటే సగం మనిషి, సగం గుర్రం. మన తుంబురుడికి ముఖం గుర్రానిదైతే, వీళ్లకి నడుము కింద గుర్రం. పేరు బాగా కుదిరింది, ఎందుకంటే ఇవి కూడా సగం గ్రహశకలాలు, సగం తోకచుక్కలు. నెప్ట్యూన్ అవతలి చలి నుంచి జారి లోపలికి వచ్చినవి. పెద్ద గ్రహాల ఆకర్షణ వీటిని స్థిరంగా ఉండనివ్వదు. కొన్నింటిని లోపలికి లాగి మామూలు తోకచుక్కలుగా మారుస్తుంది, కొన్నింటిని సౌరకుటుంబం బయటికే గెంటేస్తుంది.

కైరన్‌ని మొదట గ్రహశకలంగానే రాసుకున్నారు. 1988లో అది ఉండాల్సిన దానికన్నా ఎక్కువ వెలుగుతో కనిపించింది. 1989లో దాని చుట్టూ ధూళి పొర బయటపడింది. అది తోకచుక్క లక్షణం. అలా రెండో నంబరు వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు. హారతి కర్పూరం డబ్బా మూత తీసి పెడితే, బిళ్ల కరక్కుండానే గాలిలో కలిసిపోయి చిన్నదవుతుంది. దీన్నే ఉత్పతనం అంటారు. మామూలు తోకచుక్క సూర్యుడి దగ్గరికి వచ్చినప్పుడు దానిలోని నీటిమంచు ఇలాగే ఆవిరై, ధూళిని వెంటబెట్టుకుని బయటికి తన్నుకొస్తుంది. కానీ నీటిమంచు గట్టిగా ఆవిరవ్వాలంటే సుమారు మూడు మూరల లోపలికి రావాలి. కైరన్ ఎనిమిది మూరల లోపలికి రానే రాదు. అక్కడ ఎండ నేరుగా పడే చోట కూడా ఉష్ణోగ్రత మైనస్ 130 డిగ్రీల కిందే. ఆ చలిలో నీటిమంచు రాయితో సమానం. మరి ధూళిని తోస్తున్నదెవరు?

మొదటి అనుమానం కార్బన్ మోనాక్సైడ్ మంచు మీద. అది దాదాపు మైనస్ 248 డిగ్రీల దగ్గరే ఆవిరవడం మొదలుపెడుతుంది. కానీ అంత తేలిగ్గా ఎగిరిపోయేదైతే పైపొరలో ఎప్పుడో అయిపోయి ఉండాలి. పైగా అదే కారణమైతే సెంటార్లన్నీ పొగలు కక్కాలి. కానీ కొన్నే కక్కుతున్నాయి, అవి కూడా ఎక్కువగా సూర్యుడికి కాస్త దగ్గరగా వచ్చేవే.

రెండో జవాబు చెప్పడానికి కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్దాం. పీచు మిఠాయీ పంచదారే, పటిక బెల్లమూ పంచదారే. పటిక బెల్లంలో అణువులు వరసగా పేర్చినట్టు ఉంటాయి. పీచు మిఠాయి దారంలో ఆ వరస ఉండదు, ఎక్కడివక్కడ బిగుసుకుపోయి ఉంటాయి. తేమ తగిలితే పీచు కూలిపోయి, మధ్యలో ఉన్న గాలి బయటికి పోతుంది. మంచుకీ ఇలా రెండు రూపాలున్నాయి. విపరీతమైన చలిలో ఏర్పడిన మంచు పీచు మిఠాయి లాంటిది, వరస ఉండదు, సందుల్లో వేరే వాయువుల్ని ఇరికించుకుంటుంది. సుమారు మైనస్ 150 నుంచి మైనస్ 130 డిగ్రీల మధ్యకి వేడెక్కితే ఆ అణువులు వరసలోకి సర్దుకుంటాయి. అప్పుడు ఇరుక్కున్న వాయువులకి చోటు చాలక బయటికి వస్తాయి. సెంటార్లు సూర్యుడికి దగ్గరైనప్పుడు తగిలే వేడి సరిగ్గా ఈ లెక్కకే సరిపోతుంది. అందుకే చాలామంది శాస్త్రవేత్తలు దీనివైపు మొగ్గు చూపుతున్నారు.

ఈ గుంపులో ఒక్కోదానిది ఒక్కో స్వభావం. 1927లో జర్మనీలో ష్వాస్‌మన్, వాఖ్‌మన్ కనిపెట్టిన 29పి ఆరు మూరల దూరంలో దాదాపు గుండ్రటి దారిలో తిరుగుతుంది. ఎండ పెద్దగా మారకపోయినా, ఏడాదికి సగటున ఏడుసార్లు ఉన్నట్టుండి భగ్గుమంటుంది. ఎకెక్లస్ అనే ఇంకోటి 2005 డిసెంబరులో 13 మూరల దూరంలో ఒక్కసారిగా ధూళి చిమ్మింది. దానికీ రెండో నంబరు ఇచ్చారు, 174పి. ఇక కైరన్ 2021లో, సూర్యుడికి బాగా దూరంగా ఉన్న సమయంలో వెలుగు పెంచుకుంది. 1970 ప్రాంతంలో, అంటే అది ఇలాగే దూరంగా ఉన్నప్పుడు తీసిన పాత ప్లేట్లు తిరగేస్తే అప్పుడూ అంతే. కాబట్టి పీచు మిఠాయి కథ ఒక్కటే సరిపోదు, ఇంకా ఏదో ఉంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపు కైరన్ మీద కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్ మంచుల్ని, దాని చుట్టూ కార్బన్ డయాక్సైడ్, మీథేన్ వాయువుల్ని గుర్తించింది.

ఇంత దూరంలో, ఇంత చిన్నవాటి చుట్టూ ఉన్న ధూళిని చూడటానికి మంచి ఉపాయం ఒకటుంది. ఆ వస్తువు ఒక నక్షత్రానికి అడ్డం వచ్చే క్షణం కోసం కాచుకుని, నక్షత్రం వెలుగు ఎప్పుడెప్పుడు తగ్గిందో కొలవడమే. అసలు అడ్డానికి ముందూ వెనకా వెలుగు కాస్త తగ్గితే, చుట్టూ ఏదో ఉన్నట్టు. కైరన్ చుట్టూ వలయాలున్నాయని తెలిసింది ఇలాగే. ఈ పద్ధతికి మన పక్కనే పెద్ద చరిత్ర ఉంది. 1977 మార్చి 10న, కైరన్ దొరకడానికి కొన్ని నెలల ముందు, యురేనస్ వలయాలు ఇలాగే బయటపడ్డాయి. వాటిని పట్టుకున్న చోట్లలో తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీ ఒకటి. దాన్ని నెలకొల్పిన వైను బాపు హైదరాబాద్‌లో పెరిగినవాడు. తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేసేవారు. బాపు నిజాం కాలేజీలో చదివి హార్వర్డ్ వెళ్లి, 1949లో ఒక కొత్త తోకచుక్కని కనిపెట్టాడు. బాపు–బాక్–న్యూకర్క్ అని దానికి పేరు.

ఈ ఆర్టికల్ రాస్తుంటే నన్ను బాగా ఆలోచింపజేసింది మన మాటలు. గ్రహశకలం అంటే గ్రహం ముక్క. కైరన్ ఏ గ్రహం నుంచీ విరిగిన ముక్క కాదు. తోకచుక్క అందామా, దానికి చాలా కాలం తోకే కనిపించదు. కానీ మనకి ఇంకో మాట ఉంది, ధూమకేతువు. పొగే జెండాగా ఉన్నది అని అర్థం. తోక ఉండాలన్న షరతు లేదు, జెండా ఎప్పుడూ ఎగరాలన్న షరతూ లేదు. సెంటార్లకి ఇంతకన్నా సరిపోయే మాట నాకు తెలిసి ఇంకోటి లేదు.

మా కోడింగ్ భాషలో చెప్పాలంటే, తోకచుక్క అనేది క్లాస్ పేరు కాదు, ఒక స్టేట్. వేడిని బట్టి, లోపల మిగిలిన మంచుని బట్టి ఆన్ అవుతుంది, ఆఫ్ అవుతుంది. 1977లో లేబుల్ అంటించేసి, ఇక చూసేదేముందని అందరూ ఊరుకుని ఉంటే 1988 నాటి వెలుగు ఎవరికీ తెలిసేదే కాదు. చిలీలో కొత్తగా మొదలైన రూబిన్ అబ్జర్వేటరీ ఆకాశాన్ని మళ్లీ మళ్లీ ఫొటో తీస్తుంది. అందులో వెలుగు మారినవాటిని వెతికి పట్టడం చాలా వరకు ప్రోగ్రామింగ్ పనే, అంటే మనలాంటివాళ్లు చెయ్యగల పనే.

కైరన్ మళ్లీ సూర్యుడికి దగ్గరగా వచ్చేది 2046లో. అప్పటికి మన బ్యాచ్‌కి నలభై ఏళ్లు వస్తాయి. ఈసారి అది ఎలా పొగలు కక్కుతుందో మొదటి నుంచీ కనిపెట్టి చూసే అవకాశం మన తరానిదే.