శిరస్త్రాణం మంచిచెడ్డలు

(మహిళల కార్యక్రమంలో చేసిన రేడియో ప్రసంగం)



ఈవేళ హెల్మెట్ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. "బండి నడిపేది మావారూ, మా అబ్బాయీ. ఆ సంగతేదో వాళ్ళే చూసుకుంటారు" అని రేడియో కట్టేయకండి. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది బండి నడిపినవాళ్ళు కారు, వెనక సీటు మీద కూర్చున్నవాళ్ళు. మన ఇళ్ళల్లో ఆ వెనక సీటు ఎక్కువగా ఎవరిదో మీకు నేను చెప్పాలా? కూరలకు మోండా మార్కెట్టుకు బయల్దేరినా, సాయంత్రం పేరంటానికి వెళ్ళినా, ముందు తలకు హెల్మెట్టూ, వెనక తలకు చీర కొంగూ! అందుకని ఇది మన విషయమే.

హెల్మెట్ కొనడానికి కొట్టుకు వెళితే తల తిరిగిపోతుంది. కొన్ని వందల్లో దొరుకుతాయి, కొన్ని పదివేలు దాటుతాయి. "అమ్మా, ఇది రేసుల్లో వాడేది, ఇదే కావాలి" అని పిల్లవాడు పేచీ పెడతాడు. ఖరీదు ఎక్కువైతే భద్రత కూడా ఎక్కువేనా? రేసు హెల్మెట్ మన వీధిలో ఇంకా బాగా కాపాడుతుందా? ఇవి అడగదగ్గ ప్రశ్నలే. వీటికి జవాబు తెలియాలంటే హెల్మెట్ ఎలా పుట్టిందో, దాన్ని ఎలా పరీక్షిస్తారో కాస్త తెలుసుకోవాలి.

మొదట హెల్మెట్ పుట్టింది రేసుల కోసమే. ఇంగ్లండులో బ్రూక్‌లాండ్స్ అనే రేసుల మైదానంలో ఎరిక్ గార్డ్‌నర్ అనే డాక్టరు ఉండేవాడు. పడినవాళ్ళ తలలకు కట్లు కట్టీ కట్టీ విసిగి, మందపాటి గుడ్డకు లక్క పట్టించి గట్టి టోపీలు చేయించాడు. 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో జరిగిన మోటారు సైకిలు పందేల్లో వాటిని తప్పనిసరి చేశారు. ఇక మామూలు రోడ్డు సంగతికి వస్తే, 1935లో లారెన్స్ అనే పేరుమోసిన సైనికాధికారి మోటారు సైకిలు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి పోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రచికిత్స నిపుణుడు ఒకరు. ఆయన ఆ విషయాన్ని అక్కడితో వదిలిపెట్టకుండా ఏళ్ళ తరబడి పరిశోధన చేసి, 1941లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం, డ్యూటీ మీద మోటారు సైకిలు నడిపే జవాన్లందరూ హెల్మెట్ పెట్టుకోవాలని ఆజ్ఞ జారీ చేసింది.

నేనుండేది సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో. పల్టన్ల పేరు మీద వెలసిన పేట మాది. హెల్మెట్ కూడా ఒక విధంగా పల్టన్ నుంచి ఇంటికి వచ్చిన వస్తువే అన్నమాట!

ఇప్పుడు హెల్మెట్ లోపల ఏముందో చూద్దాం. పైనుండే గట్టి పెంకే తలను కాపాడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అసలు పని చేసేది లోపలుండే థర్మోకోల్ పొర. కొత్త టీవీ పెట్టె విప్పినప్పుడు నాలుగు మూలలా తెల్లగా ఉంటుందే, ఇంచుమించు ఆ జాతిదే. పెరుగు గిన్నెను పట్టుకుని నడుస్తూ టక్కున ఆగామనుకోండి. గిన్నె ఆగుతుంది గాని లోపలి పెరుగు ఆగదు, తొణుకుతుంది. తల నేలకు కొట్టుకున్నప్పుడు పుర్రెలో మెదడు గతి కూడా అంతే. థర్మోకోల్ తాను నలిగిపోతూ, తల ఆగడానికి కొద్దిపాటి వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధి సెకనులో వందో వంతో, అంతకంటే తక్కువో గాని, ప్రాణం నిలిచేదీ పోయేదీ అక్కడే. పైపెంకు చేసే పనల్లా దెబ్బను ఒక్కచోట దిగబడనివ్వకుండా చుట్టూ పంచడం, రోడ్డు మీద రాపిడిని ఓర్చుకోవడం.

మరి ఏ హెల్మెట్ ఈ పని సరిగ్గా చేస్తుందో ఎలా తెలుస్తుంది? దానికే ప్రమాణాలు పెట్టారు. మన దేశపు ప్రమాణం పేరు ఐఎస్ 4151. కుక్కరు మీదా, ఇస్త్రీపెట్టె మీదా చూసుకుంటామే, అదే ఐఎస్ఐ ముద్ర దీనికీ ఉంటుంది. పరీక్షశాలలో హెల్మెట్‌కు లోహపు తలబొమ్మ తొడిగి ఎత్తు నుంచి ఇనుప దిమ్మె మీద పడేస్తారు. వేడిలో ఉంచి, చలిలో ఉంచి, నీళ్ళలో తడిపి మళ్ళీ పడేస్తారు. గడ్డం కింది పట్టీని లాగి చూస్తారు. యూరప్ దేశాల్లో ఇసిఇ 22 అనే ప్రమాణం ఉంది. 2000 సంవత్సరం నుంచి చాలాకాలం నడిచిన దాని అయిదో సవరణలో హెల్మెట్‌ను సెకనుకు 7.5 మీటర్ల వేగంతో పడేసేవారు. అంటే సుమారు తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు నుంచి. లోపలి తలబొమ్మకు తగిలే కుదుపు, భూమి మామూలుగా వస్తువులను లాగే వేగానికి 275 రెట్లు దాటకూడదు.

ఇక్కడ మీకో సందేహం రావాలి. 7.5 మీటర్లంటే గంటకు 27 కిలోమీటర్లే కదా, మా అబ్బాయి అరవైలో వెళతాడే, మరి ఈ పరీక్ష ఏం సరిపోతుంది అని. బండి మీంచి పడిన మనిషి అరవై వేగంతో ముందుకు జారుతూ పోవచ్చు గాని, అతని తల నేలను గుద్దేది మాత్రం తానున్న ఎత్తు నుంచి కిందికి పడిన వేగంతోనే. ఆ వేగానికి ఈ పరీక్ష సరిపోతుంది. కాని జారుతున్నవాడు ఏ స్తంభాన్నో, డివైడర్‌నో, బస్సు చక్రాన్నో గుద్దుకున్నాడా, అప్పుడు పూర్తి వేగం లెక్కకు వస్తుంది. అంత దెబ్బకు ఏ హెల్మెట్టూ పూర్తిగా హామీ ఇవ్వలేదు. రేసు మైదానానికీ మన వీధికీ అసలు తేడా ఇక్కడే ఉంది. రేసులో పడినవాడు రెండు వందల వేగంతో పడినా, అక్కడ అడ్డంగా ఏమీ ఉండదు. రోడ్డు పక్కన జారిపోవడానికి కంకర పరిచి ఉంచుతారు. మన వీధిలో నలభై వేగానికే అడుగడుగునా అరుగులూ, స్తంభాలూ, ఎదురుగా వచ్చే బండ్లూ.

అమెరికాలో పీట్ స్నెల్ అనే కారు రేసుగాడు 1956లో పందెంలో పడి, పెట్టుకున్న హెల్మెట్ సరిగ్గా పనిచేయక చనిపోయాడు. అతని మిత్రులూ, కొందరు డాక్టర్లూ కలిసి 1957లో అతని పేరిట ఒక సంస్థ పెట్టారు. స్నెల్ ముద్ర అంటే అదే. రేసుల్లో ఒకేచోట రెండుసార్లు దెబ్బ తగలవచ్చని, వాళ్ళు హెల్మెట్‌ను ఒకే చోట రెండుసార్లు గుద్దించి చూస్తారు. తర్వాత కొంతమంది నిపుణులు ఒక అభ్యంతరం లేవదీశారు. రెండు పెద్ద దెబ్బలకు ఓర్చుకోవాలని లోపలి పొరను మరీ గట్టిగా చేస్తే, వీధిలో తగిలే మామూలు దెబ్బకు అది నలగదు, నలగకపోతే కుదుపు తలకే చేరుతుంది అని. చూశారూ, పరుపు మరీ గట్టిదైతే నేల మీద పడుకున్నట్టే కదా! 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే ప్రొఫెసరు లాస్ ఏంజెలెస్ ప్రాంతంలోని 900 ప్రమాదాలను స్వయంగా చూసి రాసిన నివేదికలో, ఢీకొన్న వేగం సగం ప్రమాదాల్లో గంటకు సుమారు 35 కిలోమీటర్లకు లోపలే ఉందని తేల్చారు. అంటే మన బజారు వేగమే. చివరకు స్నెల్ వారు కూడా 2010 నాటి ప్రమాణంలో 300 రెట్ల హద్దును 275కూ, పెద్ద సైజులకు ఇంకా తక్కువకూ దించారు. యూరప్ వారు కొత్త సవరణలో పెద్ద దెబ్బతో పాటు చిన్న దెబ్బనూ, తల గిర్రున తిరిగే ఏటవాలు దెబ్బనూ పరీక్షిస్తున్నారు. ప్రపంచ స్థాయి మోటారు సైకిలు పందేల్లో కూడా, మామూలు ప్రమాణం నెగ్గిన హెల్మెట్‌ను ఇలా ఏటవాలుగా మళ్ళీ పరీక్షించి గాని 2019 నుంచి అనుమతించడం లేదు.

కాబట్టి రేసు హెల్మెట్ చెడ్డదని నేననను. అది వేరే పరీక్షకు చదివింది, అంతే. మన దేశంలో 2021 జూన్ 1 నుంచి ఐఎస్ఐ ముద్ర లేని హెల్మెట్ తయారు చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. "డాట్" అని అమెరికా అక్షరాలున్న స్టిక్కరు చూసి మోసపోవద్దు. ఆ ముద్ర అమెరికాలోనే తయారీదారు తనకు తాను వేసుకునేది. ఇక్కడ ఫుట్‌పాత్ మీద స్టిక్కరు అంటించడం ఎంతసేపు?

మన ఊళ్ళో జరిగిన ఒక సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2021 సెప్టెంబరు 10, వినాయక చవితి నాటి రాత్రి, నటుడు సాయి ధరమ్ తేజ్ మాదాపూర్‌లో కేబుల్ బ్రిడ్జి దాటాక రోడ్డు మీది మట్టికి జారి స్పోర్ట్స్ బైకు మీంచి పడిపోయారు. కాలర్ ఎముక విరిగింది, చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. కాని మెదడుకూ వెన్నుకూ పెద్ద గాయాలు లేవని డాక్టర్లు చెప్పారు. దసరాకు ఇల్లు చేరారు. హెల్మెట్ ఉండబట్టే బతికానని ఆయనే తర్వాత సభల్లో చెబుతూ వచ్చారు. గమనించండి, అక్కడ పందెమూ లేదు, ఎదురుగా లారీ రానూ లేదు. ఉన్నది కాస్త మట్టి!

సరే, కొనేటప్పుడు ఏం చూడాలి? ముందు ముద్ర. ఐఎస్ఐ గుర్తు పైన ఐఎస్ 4151 అనీ, కింద సిఎం/ఎల్ అనే అక్షరాలతో మొదలయ్యే లైసెన్సు నంబరూ ఉండాలి. ఆ నంబరు నిజమైనదో కాదో బిఐఎస్ కేర్ అనే ఫోన్ యాప్‌లో చూసుకోవచ్చు, పిల్లలు క్షణంలో చూసి పెడతారు. కట్టడాల దగ్గర మేస్త్రీలు పెట్టుకునే టోపీ పైనుంచి పడే ఇటుక కోసం, అది బండికి పనికిరాదు.

తర్వాత కొలత. జాకెట్టు కొలత ఇచ్చేటప్పుడు ఎంత చూసుకుంటామో, దీనికీ అంత చూసుకోవాలి. టేపుతో నుదుటి మీదుగా, చెవుల పైగా తల చుట్టూ కొలవండి. పెట్టుకున్నాక బుగ్గలు కొద్దిగా నొక్కుకోవాలి. తల అటూ ఇటూ ఊపితే హెల్మెట్ విడిగా తిరగకూడదు. పట్టీ బిగించి, మెడ వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తి చూడండి. ఊడి చేతికి వచ్చిందా, ఆ హెల్మెట్ మనది కాదు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్ళు పడితే చాలు. పట్టీ పెట్టుకోని హెల్మెట్ మూతపెట్టని డబ్బా లాంటిది, బోర్లాపడితే ముందు అదే ఎగిరిపోతుంది. పరీక్షశాలలో పట్టీ బలం చూస్తారు గాని, మీరు పట్టీ పెట్టుకున్నారో లేదో చూడడానికి ఎవరూ రారు.

మన ఆడవాళ్ళకు ఒక చిక్కుంది, ముడి. నడినెత్తిన కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ తల మీద కూర్చోదు, కొప్పు మీద కూర్చుంటుంది. కిందకు వదులుగా జడ వేసుకోండి, పూలు దిగాక పెట్టుకోవచ్చు. కొనేటప్పుడు కూడా రోజూ వేసుకునే జడతోనే వెళ్ళి చూసుకోండి. ఒక చిత్రం చెప్పనా? 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, వెనక కూర్చునేవాళ్ళ దుస్తులు చక్రంలో చిక్కకుండా బండికి అడ్డు కట్టాలన్నాయి. చీర గార్డు అంటామే, అదే. మన చీర చక్రంలో పడకూడదని ఆలోచించిన చట్టమే మన తల మీద హెల్మెట్ ఉండాలని కూడా చెప్పింది. మొదటిదాన్ని బండితో పాటు తీసుకున్నాం. రెండోదాన్ని ఇంట్లో వదిలేసి వెళుతున్నాం!

పిల్లల విషయం మరిచిపోకండి. నాలుగేళ్ళు దాటిన వాళ్ళకు హెల్మెట్ తప్పనిసరి. 2022లో వచ్చిన నిబంధన ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ పిల్లలకు కూడా వాళ్ళ తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి, నడిపేవారికి బిడ్డను కట్టి ఉంచే బెల్టు ఉండాలి, బండి నలభై దాటకూడదు. పెద్దవాళ్ళది పిల్లవాడి నెత్తిన బోర్లించడం హెల్మెట్ పెట్టినట్టు కాదు.

చివరగా సంరక్షణ. లోపలి గుడ్డ ఊడదీయడానికి వస్తే సబ్బునీళ్ళతో ఉతికి నీడన ఆరేయండి. పెట్రోలు, థిన్నరు, కిరసనాయిలు తగలనివ్వకండి, థర్మోకోల్ కరిగిపోతుంది. ఒకసారి ప్రమాదంలో దెబ్బ తిన్న హెల్మెట్ పైకి నిగనిగలాడుతున్నా పారేయాల్సిందే. లోపలి పొర ఒకసారి నలిగితే మళ్ళీ ఉబ్బదు. దెబ్బ తినకపోయినా అయిదేళ్ళకు మార్చమని నిపుణులు చెబుతారు. పాతదాన్ని ఎవరికో దానం చేయకండి, పట్టీ కోసేసి పారేయండి.

ఇంట్లో బండి ఒకటుంటే హెల్మెట్లు రెండుండాలి. పిల్లవాడు పదివేల రేసు హెల్మెట్ అడిగితే, ఆ డబ్బుతో ఐఎస్ఐ ముద్ర ఉన్నవి ఇంట్లో అందరికీ సరిపడా కొనవచ్చేమో లెక్క చూడండి. ఈ ఆదివారం బజారుకు వెళ్ళినప్పుడు టేపు సంచిలో వేసుకు వెళ్ళండి. మీకు, మీవారికి, పిల్లలకు ఎవరి కొలతకు వాళ్ళకు చూసి తీసుకోండి.

సెలవు.