బావి నీటికి అసలు వెల

మోట తోలిన కాలమున రైతునకు నీటి వెల ఎవ్వరును చెప్పవలసిన పనిలేకుండెను. బావిలో నీరు దిగినకొలది ఎడ్లు అంత దూరము అదనముగా నడువవలసివచ్చెడిది. ఎడ్ల అలసటను చూచియే రైతు మడికి ఎంత నీరు పెట్టవలయునో నిర్ణయించుకొనెడివాడు. నేడు మీట నొక్కిన నీరు వచ్చుచున్నది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సేద్యపు పంపులకు ఉచిత విద్యుత్తు ప్రారంభమయినది. తెలంగాణమున 2018 జనవరి 1 మొదలు 24 గంటలును ఇచ్చుట ఆరంభించిరి. ఇది రైతునకు మేలు కాదని మేము చెప్పము. కాని బిల్లు రానంతమాత్రమున నీటికి వెల లేదనుకొనుట పొరపాటు.

ఒక లెక్క చూతము. ఎకరము నేలపై ఒక అంగుళము లోతున నీరు నిలుపుటకు సుమారు లక్ష లీటర్లు కావలయును. ఆ నీటిని 10 మీటర్ల లోతు నుండి తోడుటకు మూడు యూనిట్ల లోపు శక్తి చాలును. 100 మీటర్ల నుండి తోడుటకు సుమారు 27 యూనిట్లు పట్టును. మోటారు, పంపులలో సగము శక్తి నష్టమయిన యెడల ఈ లెక్క రెట్టింపగును. నీరు అదియే, మడి అదియే. పెరిగినది లోతు మాత్రమే.

ఈ లోతునకు వెల చెల్లించువాడు రైతే. పెద్ద మోటారు, పొడుగు పైపులు, కాలిన మోటారునకు మరల తీగ చుట్టించుట, చివరకు మరియొక బోరు. బోరు ఎండినను దానికై తెచ్చిన అప్పు ఎండదు.

దీనికి మార్గము లేకపోలేదు. 2000 తరువాత అనంతపురము, ప్రకాశము, నల్లగొండ, మహబూబ్‌నగర్ మొదలగు ఏడు కరవు జిల్లాలలో రైతులే వర్షమును, బోర్లలో నీటిమట్టమును కొలిచి పుస్తకమున వ్రాసికొనిరి. రబీకి ముందు గ్రామస్థులు కూడి, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క వేసిరి. ఎవ్వరిని నిర్బంధింపలేదు. లెక్క తెలిసిన పిదప పలువురు తామే వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసిరి.

సభ్యులు ముందుగా చేయదగిన పనులు కొన్ని కలవు. ఆటో స్టార్టరును తీసివేయుడు. కరెంటు వచ్చినదే తడవుగా, మడి నిండియున్నను, మోటారు తిరుగుటకు అదియే కారణము. మోటారునకు తగిన కెపాసిటరు పెట్టించిన తీగలలో విద్యున్నష్టము తగ్గును. తోటలకును కూరగాయలకును బిందుసేద్యము మేలు.

అన్నిటికంటె ముఖ్యమయినది కలసి కొలుచుట. భూమిలోని నీటికి గట్లు లేవు. ఒకడు పొదుపు చేసినది పొరుగువాడు తోడుకొనగలడు. కావున ఇది ఒక్కని పని కాదు, సంఘము పని. వచ్చు రబీకి విత్తనము కొనకముందే ప్రతి గ్రామమున సభ్యులు కూడి తమ బోర్ల నీటిమట్టమును కొలువవలయునని మా మనవి. ధాన్యపు గాదెను కొలిచి ఏడాది వెళ్లబుచ్చు రైతునకు నీటి గాదెను కొలుచుట క్రొత్త విద్య కాదు.