బాపు క్వార్టర్, నా 40 ఎంబీ ఆట

వచ్చే నెల బాపు రిటైర్ అవుతున్నాడు. అంటే సెంటినరీ కాలనీలో మా సింగరేణి క్వార్టర్ ఖాళీ చేసి, తాళాలు కంపెనీకి అప్పగించాలి. సామాన్లు సర్దుతుంటే సజ్జ మీద నా పాత ‘వీ’ కన్సోల్ దొరికింది. అమెరికాలో ఉండే అన్న తెచ్చిచ్చింది. టీవీకి పెట్టి చూస్తే ‘వరల్డ్ ఆఫ్ గూ’ ఇంకా అందులోనే ఉంది!

ఆ ఆటకు డిస్క్ లేదు, డబ్బా లేదు. 2008లో నింటెండో ‘వీవేర్’ పేరుతో చిన్న ఆటల్ని నెట్‌లోనే అమ్మడం మొదలుపెట్టింది. ఒక్కో ఆట 40 ఎంబీ దాటొద్దని రూల్. మైక్రోసాఫ్ట్ కూడా ఎక్స్‌బాక్స్ 360లో మొదట 50 ఎంబీ హద్దు పెట్టింది. 64 ఎంబీ మెమరీ కార్డులో పట్టాలి కదా మరి!

డిస్కులు చేయించి షాపులకు పంపే ఖర్చు లేకపోవడం చిన్నవాళ్లకు కలిసొచ్చింది. వరల్డ్ ఆఫ్ గూ చేసిన ‘టూడీ బాయ్’ అంటే ఇద్దరే మనుషులు. ధర 15 డాలర్లు. మన పుణె కుర్రాళ్ల ‘నోడింగ్ హెడ్స్’ కూడా 2020లో ‘రాజీ’ ఆటను ముందుగా నింటెండో స్విచ్ ఆన్‌లైన్ స్టోర్‌లోనే విడుదల చేసింది.

మరి ఆ స్టోరే మూసేస్తే? వీ షాప్ 2019 జనవరి 30న మూతపడింది. త్రీడీఎస్, వీ యూ స్టోర్లలో 2023 మార్చి 27 నుంచి, ఎక్స్‌బాక్స్ 360 స్టోర్‌లో 2024 జులై 29 నుంచి కొత్తగా ఏదీ కొనలేం.

వీవేర్‌తో ఇంకో చిక్కుంది. ఆట కొన్న కన్సోల్‌కే కట్టుబడి ఉంటది. ఎస్‌డీ కార్డులోకి కాపీ చేసినా, ఆ పెట్టెకు మాత్రమే ఉన్న కీతో ఎన్‌క్రిప్ట్ అవుతది. ఇంకో వీలో పెడితే తెరుచుకోదు. కొన్నాం అనుకుంటాం గానీ, మనకు దక్కేది వాడుకునే లైసెన్స్ మాత్రమే. అందుకే అమెరికాలోని కాలిఫోర్నియా 2025 జనవరి నుంచి, ఇలాంటి అమ్మకాల్లో ‘ఇది లైసెన్స్ మాత్రమే’ అని ముందే చెప్పాలని చట్టం తెచ్చింది.

ఇదంతా చెబితే బాపు నవ్విండు. “ఈ క్వార్టర్ గూడ అంతే గదరా. ఇన్నేండ్లు ఉన్నం, సున్నం మనమే ఏసుకున్నం. మనదైతదా?”

నా దగ్గర జవాబు లేదు. కానీ అదే ఆట కంప్యూటర్ వెర్షన్‌కు ఏ తాళమూ లేదు. అది కొని హార్డ్ డిస్క్‌లో దాచుకున్నా. మీరూ ఆట కొనేముందు ఒక్క సంగతి చూసుకోండి: రేపు దుకాణం లేకపోయినా అది నడుస్తదా?