కొలను గట్టున తుంగ పెంపకం

తుంగ అనేది సైపరేసి కుటుంబానికి చెందిన, గడ్డిని పోలిన మొక్కలకు తెలుగులో వాడుకలో ఉన్న పేరు. వీటిలో చాపలు అల్లడానికి వాడే తుంగ (శాస్త్రీయ నామం: సైపరస్ పాంగొరీ) భారతదేశం, శ్రీలంకలలో సహజంగా పెరిగే బహువార్షిక మొక్క. చెరువులు, కాలువల ఒడ్డున కనిపించే దీనిని తోటలోని చిన్న కొలను అంచున కూడా పెంచవచ్చును. అయితే తుంగలన్నీ తోటకు తగినవి కావు.

లక్షణాలు

గడ్డి కాండం సాధారణంగా గుండ్రంగా, కణుపుల మధ్య బోలుగా ఉంటుంది. తుంగజాతుల కాండం ఎక్కువగా మూడు పలకలుగా ఉండి, లోపల మెత్తని బెండు కలిగి ఉంటుంది. చాపల తుంగలో ఈ పలకలు మొద్దుబారి ఉంటాయి. ఇది సుమారు ఒక మీటరు ఎత్తు పెరుగుతుంది. బురదలో ప్రాణవాయువు తక్కువ. కాండంలోని గాలి గదుల ద్వారా వేళ్ళకు గాలి చేరుతుంది కాబట్టి నీట మునిగిన మట్టిలోనూ ఈ మొక్క కుళ్ళదు.

జాతి ఎంపిక

తుంగముస్తె (సైపరస్ రొటండస్) ఇదే ప్రజాతికి చెందినది. ఆయుర్వేదంలో దాని దుంపలకు స్థానమున్నా, చేలలో అది మొండి కలుపు. మొక్కను పీకినా మట్టిలో మిగిలిన దుంపలు తిరిగి మొలుస్తాయి. కనుక గట్టునుండి మొక్క తెచ్చేటప్పుడు వేళ్ళను కడిగి చూడాలి. గొలుసువలె చిన్న దుంపలుంటే దానిని నాటరాదు. నర్సరీలలో అమ్మే గొడుగు ఆకారపు తుంగ ఆఫ్రికా ప్రాంతపు మొక్క, స్థానికం కాదు.

నాటే విధానం

* తొలకరి సమయంలో, మొలక ఉన్న కొమ్ము (భూగర్భ కాండం) ముక్కలను వేరుచేసుకోవాలి.
* వెడల్పాటి కుండీలో బంకమట్టి నింపి నాటాలి. పశువుల ఎరువు వేస్తే అది నీటిలో కరిగి నాచు పెరుగుతుంది.
* ఎండ బాగా తగిలేచోట, మట్టిపై 5 సెంటీమీటర్ల నీరు నిలిచేటట్లు కుండీని అమర్చాలి.
* కొమ్ములు పక్కలకు పాకుతాయి కనుక రెండు మూడేళ్ళకొకసారి దుబ్బును విడదీయాలి.

దుబ్బు మరీ దట్టమైతే చేపలు లోనికి చొరలేవు. అక్కడ దోమపిల్లలు పెరుగుతాయి. అందుచేత కాండాల నడుమ ఖాళీ ఉంచాలి.

ఉపయోగాలు

వేళ్ళు గట్టు మట్టిని పట్టి ఉంచుతాయి. తూనీగల పిల్లపురుగులు నీటిలో పెరిగి, కాండాల మీదుగా పైకి ప్రాకి రెక్కలు విప్పుకుంటాయి. పచ్చి కాండాలను కోసి, చీల్చి, ఎండబెట్టి చాపలు అల్లుతారు. తమిళంలో కోరై అనే ఈ తుంగతో అల్లే చాపలకు తిరునెల్వేలి జిల్లాలోని పత్తమడై ప్రసిద్ధి చెందినది.